తప్పు దీపాలదే

“రేపటి సంది నువ్వు దుకాణానికి రాకు బాపూ.”

అఖిలేష్ ఆ మాట అరిచి చెప్పినా బాగుండేది. ఉప్మా తింటూ, మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపుతూ, వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మన్నంత మామూలుగా చెప్పాడు. వామన్‌రావు చెంచా ప్లేటులోనే వదిలేశాడు. వంటింటి గుమ్మంలో ఉన్న సౌభాగ్య మొగుడి మొహం చూసింది, కొడుకు మొహం చూసింది, ఇద్దరినీ చూడలేక చేతిలోని చట్నీ గిన్నెలోకి చూసింది.

నిన్న సాయంత్రం కమలకుమారి చేసిన రభస ఇంకా ఎవరి చెవుల్లోంచీ పోలేదు. ఆవిడ బషీర్‌బాగ్‌లో లెక్చరరు. కూతురి పెళ్లికి కొన్న చీరల్లో సగానికి జాకెట్టు గుడ్డలు వామన్‌రావు చేతే కలిపించుకుంది. కుట్టించి ఇంట్లో కిటికీ దగ్గర కట్టి చూసుకుంటే వంగపండు రంగు చీర మీద జాకెట్టు ఉడికిన బీట్‌రూట్‌లా ఉంది. ఆవిడ అన్నీ మూటగట్టుకుని వచ్చి, దుకాణం నిండా జనం ఉండగా బల్ల మీద పరిచింది. ఇది మీరు కలిపిందేనా అని అడిగింది.

వామన్‌రావు ఔననలేదు, కాదనలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. తండ్రి అలా నిలబడటమే అఖిలేష్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆమె ఒక్కతే అయితే సర్దుకునేవాళ్లు. దసరా అయిన దగ్గర్నుంచి గుడ్డలు వెనక్కి వస్తూనే ఉన్నాయి. ఆబిడ్స్ గల్లీలో వామన్‌రావు మ్యాచింగ్ సెంటర్‌కి కోఠీ నుంచి, ఇంకా అవతల నుంచి ఆడవాళ్లు వచ్చేది గుడ్డ కోసం కాదు. గుడ్డ ఎక్కడైనా దొరుకుతుంది. చీర చెంగు ఇలా చూపిస్తే చాలు, వెనక్కి తిరిగి అరలోంచి అచ్చం అదే రంగు గుడ్డ తాను లాగి పెట్టే ఆ చేతి కోసం వస్తారు. ఆ చెయ్యి తప్పితే అది మామూలు గుడ్డల దుకాణం. ఆ చెయ్యే తప్పితే ఆయన మామూలు ముసలాయన.

సౌభాగ్యకి ఆ రెండోదే భరించడం కష్టంగా ఉంది.

“లైట్లు మార్చినంకనే గిట్లయితుంది,” అంది ఆమె. “ఆయన్ని అనేముందు ఆ లైట్లు చూడు.”

“లైట్లకేమైందమ్మా? దుకాణం ఎట్ల మెరుస్తుందో కనిపిస్తలేదా?”

“దుకాణం మెరుస్తుంది. బట్ట మెరుస్తుందా అని అడుగుతున్న.”

అఖిలేష్‌కి ఎల్ఈడీల పిచ్చి పట్టి ఏడాదైంది. ముందు ఇంట్లో మొదలుపెట్టాడు. హాల్లో ఫాల్స్ సీలింగు అంచుల్లోంచి పసుపుపచ్చటి వెలుతురు జారుతుంది. వంటింట్లో తెల్లటి ప్యానెల్. దేవుడి దగ్గర ఆరిపోని కరెంటు ప్రమిదలు. నడవాలో మనిషి అడుగు పెడితే దానంతట అదే వెలిగే దీపం. అది పెట్టిన మొదటి రోజు సౌభాగ్య ఎవరో స్విచ్చు వేశారనుకుని ఇల్లంతా వెతికింది. కరెంటు పోయినా వెలిగే బల్బు బాత్‌రూములో పెట్టిన రోజు మాత్రం కొడుకుని మనసారా మెచ్చుకుంది.

తర్వాత దుకాణం మీద పడ్డాడు. గుయ్యిమనే ట్యూబులన్నీ పీకించి కప్పు నిండా ప్యానెళ్లు పెట్టించాడు. ముందర అద్దాల తలుపు, లోపల ఏసీ. షోకేసు బల్బుల వేడికి అంచులు వెలిసిపోయే పట్టు ముక్కలు ఇప్పుడు నెలల తరబడి కొత్తగానే ఉంటున్నాయి. కరెంటు బిల్లు తగ్గింది. అబద్ధమెందుకు, దుకాణం కళకళలాడుతోంది. దీపాలు మార్చినప్పటి నుంచి గిరాకీ పెరిగిందని పొరుగు దుకాణాల వాళ్లు కూడా ఒప్పుకున్నారు.

ఒక్క అలవాటు మాత్రం పోయింది. ఇదివరకు ఏ రంగు కలిపినా వామన్‌రావు కొయ్యకముందు చీరనీ తానునీ గడప దాటించి, ఎండ వెలుతురులో ఒకసారి చూపించేవాడు. అద్దాల తలుపు వచ్చాక లోపలే పట్టపగల్లా ఉంటే ఏసీ వదిలి ఎవరు బయటికొస్తారు? కొనేవాళ్లు బద్ధకించారు. వామన్‌రావూ మానేశాడు. ఆయనెందుకు మానేశాడో అప్పుడెవరూ ఆలోచించలేదు.

“లైటు తెల్లగుంటది, బట్ట ఉన్నదున్నట్టు కనిపిస్తది,” అన్నాడు అఖిలేష్. “బాపు కండ్లే...”

అని ఆగాడు. ఆగినా అన్నట్టే లెక్క.

అప్పటిదాకా టిఫిను డబ్బాలు సర్దుతున్న కోడలు లహరి మెల్లగా ఇటు తిరిగింది. ఆమె పుట్టిల్లు బషీర్‌బాగే గాని తాతల నాడు కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబం. మాటలో ఆ మన్నన ఇంకా పోలేదు. “అత్తయ్యగారూ, మామయ్యగారిని ఒకసారి కళ్ల డాక్టరుకి చూపిస్తే తప్పేముందండీ?” అంది.

“శుక్లాలు తీసేసిన్రు గదమ్మా,” అన్నాడు వామన్‌రావు. “ఇంకేం తీస్తరు?”

నవ్వుతూనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. అది అయ్యాక కొన్నాళ్లు లోకమంతా ఉతికి ఆరేసినట్టుందని మురిసిపోయాడు. ఆ తర్వాత డాక్టరు రమ్మన్నప్పుడల్లా షుగరు మాత్రలు వేసుకుంటున్నాను కదా, ఇంకెందుకని వాయిదా వేశాడు. ఇంట్లో ఎవరూ బలవంతపెట్టలేదు. పేపరు చదువుతున్నాడు, రోడ్డు దాటుతున్నాడు, ఇంకేం కావాలనుకున్నారు.

ఆయన లేచి చెయ్యి కడుక్కుని చొక్కా వేసుకున్నాడు. గుండీలు పెట్టుకుంటూ, “రేపటి సంది గదా అన్నవు. ఇయ్యాల్టికైతే వస్త,” అన్నాడు కొడుకుతో. తండ్రీకొడుకులిద్దరూ ఒకే బండి మీద వెళ్లిపోయారు.

సౌభాగ్యకి ఒళ్లు మండిపోయింది. కొడుకు మీద మండింది, కప్పు మీద దీపాల మీద మండింది, జవాబు చెప్పకుండా వెళ్లిపోయిన మొగుడి మీద అన్నిటికంటే ఎక్కువ మండింది. ఉన్న కోపమంతా అంట్ల గిన్నెల మీద చూపిస్తుంటే లహరి వచ్చి పక్కన నిలబడింది.

“రాత్రి ఫోనులో చూశానండీ,” అంది. “అన్ని ఎల్ఈడీలూ రంగుని ఒకేలా చూపించవట. మనకి తెల్లగానే కనిపిస్తుంది కాని, నాసిరకం వాటిలో కొన్ని రంగులు చచ్చిపోతాయట. గుడ్డల దుకాణాలకీ నగల దుకాణాలకీ అందుకే వేరే రకం పెట్టాలట. మీ అబ్బాయితో చెప్పబోతే వినలేదు.”

సౌభాగ్య చేతిలో గిన్నె సింకులో వదిలేసింది. తడి చేతులతోనే బీరువా తెరిచింది. వంగపండు రంగు నారాయణపేట చీర ఒకటి, దానికని ఈమధ్యే దుకాణంలోంచి తెచ్చి కుట్టించకుండా దాచిన గుడ్డ ఒకటి బయటికి లాగింది.

ఆ తర్వాత ఆ అత్తాకోడళ్లు చేసిన పని ఎవరైనా చూసి ఉంటే ఇద్దరికీ మతి పోయిందనుకునేవాళ్లు. చీర ఒకరు, గుడ్డ ఒకరు పట్టుకుని హాల్లో పసుపుపచ్చ వెలుతురు కింద నిలబడ్డారు. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. వంటింటి ప్యానెల్ కిందికి వెళ్లారు. చీర కాస్త నల్లబడింది, గుడ్డ అలాగే ఉంది. నడవాలోకి వస్తే దీపం వెలిగింది, అక్కడ గుడ్డే మారింది. బాల్కనీలోకి వెళ్లి పగటి వెలుతురులో పట్టుకున్నారు.

గుడ్డలో ఎరుపు ఉంది. చీరలో లేదు.

సౌభాగ్యకి కళ్ల నీళ్లొచ్చాయి. “నేను మొదట్నుంచి చెప్తున్ననా లేదా?” అంది. లహరికీ ఎంతో తేలికయినట్టుంది, అత్తగారి భుజం పట్టుకుని నవ్వింది. కమలకుమారి చీరలు తీసుకుని పన్నెండు లోపల మళ్లీ వస్తానంది కదా, ఆవిడ వచ్చేసరికి మనం అక్కడుండాలని లహరే తొందరపెట్టింది. తాళం వేసి, వీధి చివర ఆటో పట్టుకుని ఆబిడ్స్ బయల్దేరారు.

దుకాణంలో సౌభాగ్య చూసిన మొదటి దృశ్యమే ఆమెకి గుచ్చుకుంది. ఎప్పుడూ వామన్‌రావు నిలబడే చోట పనివాడు బాలరాజు నిలబడి గుడ్డ కొలుస్తున్నాడు. ఆయనేమో పక్కన స్టూలు మీద కూచుని, చీర అంచులకి వేసే ఫాల్స్ చుట్టలు సర్దుతున్నాడు. ఫాల్స్ సర్దడానికి ఆయనేం అవసరం? ఎవరైనా సర్దుతారు. ఆ మాటే ఆయన మొహంలోనూ ఉంది.

ఇద్దరూ ఎందుకొచ్చారని అఖిలేష్ అడిగేలోగా అద్దాల తలుపు తోసుకుని కమలకుమారి వచ్చింది. నిన్నటంత కోపం లేదు గాని మొహం బిగుసుకునే ఉంది. పెళ్లి దగ్గరకొచ్చేసింది, మీరు కలపకపోతే ఇంకో చోట చూసుకుంటానంది. అఖిలేష్ ఆమెకి కుర్చీ వేయించి, ఈసారి బాలరాజు చేత జాగ్రత్తగా కలిపిస్తానని చెప్పబోయాడు.

“ఒక్క నిమిషం ఆగురా,” అంది సౌభాగ్య. నలుగురిలో కొడుకు మాటకి అడ్డం రావడం ఆమెకి అలవాటు లేదు. “అమ్మా, ఆ వంగపండు చీర, జాకెట్టు జర ఈ బల్ల మీద పెట్టున్రి.”

కమలకుమారి పెట్టింది. ప్యానెళ్ల కింద రెండూ ఒకే తానులోంచి చింపినట్టున్నాయి. కమలకుమారే కనుబొమలు ముడిచింది. నిన్న గొడవ హడావుడిలో ఆవిడా ఇది గమనించలేదు.

“ఇప్పుడు బయటికి రాన్రి.”

అందరూ గడప దాటి మెట్ల మీదకొచ్చారు. ఎండ నెత్తి మీదుంది. అక్కడ చీర చీరే, జాకెట్టు జాకెట్టే. ఆ రెంటికీ చుట్టరికం లేదు.

అఖిలేష్ వాటిని తల్లి చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. లోపలికి వెళ్లి చూశాడు, బయటికొచ్చి చూశాడు. ఇంకోసారి వెళ్లొచ్చాడు. మూడోసారి వెళ్లలేదు. మెట్టు మీదే నిలబడి, తను ముచ్చటపడి పెట్టించిన దీపాల వైపు అద్దంలోంచి చూస్తుండిపోయాడు.

పాపం, వాడు చెడ్డవాడు కాదు. తప్పు తెలిసినా దాన్ని పట్టుకుని వేలాడే రకమూ కాదు. తప్పు ఒప్పుకునే ఆ గుణం తండ్రి నుంచి వచ్చిందే. “లైట్లదే తప్పమ్మా,” అన్నాడు నేలచూపులు చూస్తూ. స్టూలు మీంచి లేచి గుమ్మం దాకా వచ్చిన తండ్రి దగ్గరికి వెళ్లాడు. “బాపూ, పొద్దున్న నేనన్న మాట మర్సిపో. రేపు కాదు, ఎల్లుండి కాదు, నువ్వు నిలబడే జాగల ఇంకెవ్వరు నిలబడరు.”

వామన్‌రావు కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

కమలకుమారి కూడా మెత్తబడింది. నిన్న అందరి ముందూ నోరు జారానని, మనసులో పెట్టుకోవద్దని ఆయనకి దణ్ణం పెట్టింది. ఊరికే మాటతో పోనివ్వకుండా సంచిలోంచి ఇంకో చీర తీసింది. నెమలికంఠం రంగు పట్టుచీర. పెళ్లికూతురు అప్పగింతలప్పుడు కట్టుకునేది.

“దీనికి కలిసే గుడ్డ ఎక్కడా దొరకలేదండీ. మీ చేత్తో, ఇక్కడే ఎండలో కలిపి ఇవ్వండి. మిగతా చీరలన్నీ కూడా మీకే పంపిస్తాను. మా వియ్యపురాలి వైపువి కూడా,” అంది.

సౌభాగ్యకి పొంగిపోయినంత పనైంది. పొద్దున దుకాణానికే రావద్దన్న మనిషికి మధ్యాహ్నానికి పెళ్లి పెళ్లంతా అప్పజెప్తున్నారు. తను గట్టిగా నిలబడకపోతే ఇదంతా అయ్యేదా? లహరి వైపు చూసి కళ్లతోనే మెచ్చుకుంది.

అఖిలేష్ దీపాలు బిగించిన మనిషికి ఫోను చేసి తగాదా పెట్టుకోవడానికి లోపలికి వెళ్లాడు. ఏ రకం దీపాలు అడగాలో చెప్పడానికి లహరి అతని వెనక వెళ్లింది. కమలకుమారి నాలుగడుగులు అవతలికి జరిగి, కూతురితో ఫోనులో, పాపం ఆయన తప్పేం లేదే అని చెప్పడం మొదలుపెట్టింది. బాలరాజు నీలాలూ ఆకుపచ్చలూ కలిపి ఓ చంకెడు తాన్లు తెచ్చి పై మెట్టు మీద పేర్చి, కత్తెర ఆయన చేతికిచ్చి, లోపల గిరాకీ ఉందని వెళ్లిపోయాడు.

మెట్ల మీద మొగుడూ పెళ్లాలిద్దరే మిగిలారు.

వామన్‌రావు చీర చెంగు ఎడమ చేతి మీద వేసుకున్నాడు. కుడిచెయ్యి తాన్ల మీదికి వెళ్లింది. సౌభాగ్యకి ఆ చెయ్యి తెలుసు. చెంగు చూసినంతసేపే, మరుక్షణం తాను బయటికొచ్చేది. ఇప్పుడా చెయ్యి తాన్ల మీద తిరుగుతోంది. ఒకటి ముట్టుకుంటుంది, వదిలేస్తుంది. ఇంకోటి కాస్త లాగి మళ్లీ తోసేస్తుంది. అవమానం మనిషిని ఇంతగా కుంగదీసిందా అని ఆమె గుండె కరిగింది. అలవాటు తప్పింది, కాస్త సమయం పడుతుంది, పట్టనీ అనుకుంది.

ఆయన ఒక తాను తీశాడు. చెంగు మీద పరిచాడు. ముడత లేకుండా బొటనవేలితో సాపు చేశాడు.

అది ముదురాకుపచ్చ.

సౌభాగ్య తన కళ్లే తప్పనుకుంది. ఒక అడుగు దగ్గరికి జరిగింది. నీడేమైనా పడిందా అని పైకి చూసింది. నీడ లేదు, బోర్డు లేదు, అద్దం లేదు. నెత్తి మీద మంచి ఎండ. ఆ ఎండలో నెమలికంఠం నీలం నీలంగా ఉంది, దాని మీద గుడ్డ పచ్చగా ఉంది. అసలు కలిసే నీలం తాను ఆయన మోకాలికి ఆనుకునే ఉంది. పక్క దుకాణంలో అరటిపళ్లమ్మే ఆవిడని పిలిచి అడిగినా చెప్తుంది.

దీపాల మీద పోట్లాడి గెలిచింది ఆమె. గెలిచి, ఆయన్ని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టింది. ఇంకెవరి మీదా తప్పు తోయడానికి వీల్లేని చోట నిలబెట్టింది.

వామన్‌రావు కత్తెర వేళ్లకి తగిలించుకున్నాడు. తెరిచాడు. గుడ్డ అంచు మీద పెట్టి ఆగిపోయాడు. తల ఎత్తకుండా, పక్కన ఉన్న ఆమెకి మాత్రమే వినిపించేంత మెల్లగా అడిగాడు.

“కలిసిందా?”

పెళ్లయిన ఇన్నేళ్లలో రంగు విషయం ఆయన ఎవరినీ అడిగి ఎరగడు. ఆమె కట్టుకునే చీర మీదికి ఏ జాకెట్టు బాగుంటుందో కూడా ఆయనే చెప్పేవాడు. ఆ ఒక్క మాటతో సౌభాగ్యకి అంతా తెలిసిపోయింది. నిన్న కమలకుమారి ముందు తల వంచుకున్నది అవమానంతో కాదు. కొడుకు దీపాలు పెట్టిస్తుంటే ఒక్క మాట అడ్డు చెప్పకపోయింది ఇష్టపడి కాదు. ఈ మెట్ల మీదికి రావడం ఆయన మానేసింది ఏసీ కోసం కాదు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఈ భయాన్ని ఇన్నాళ్లు ఒక్కడే మోశాడు. లైట్లదే తప్పని ఆమె వాదిస్తున్నంతసేపూ, నిజంగా లైట్లదే అయితే బాగుండునని ఆయన కూడా ఆశపడి ఉంటాడు.

కలిసిందంటే కత్తెర పడుతుంది. ఇంకో చీర చేతికొస్తుంది, దాని వెనక ఇంకోటి. కలవలేదంటే, ఆ మాట ఆయనకి చెప్పేది తనే అవుతుంది. పొద్దుట్నుంచి కొడుకుతో, ఊరందరితో ఆయన తరఫున అంత గట్టిగా మాట్లాడిన నోరు ఇప్పుడు పెగల్లేదు.

“బాపూ,” అని లోపల్నుంచి అఖిలేష్ కేకేశాడు. గొంతులో ఎన్నాళ్లుగానో లేని హుషారు ఉంది. “లైట్లు ఎట్లుండాల్నో నిన్నే అడగమన్న. లైట్లాయన నువ్వు ఎట్ల చెప్తె గట్ల పెడతడంట. జర లోపలికి రా.”

కమలకుమారి ఫోను పెట్టేసి చిరునవ్వుతో మెట్ల వైపు వస్తోంది.

వామన్‌రావు తల ఎత్తి సౌభాగ్య మొహం చూశాడు. ఎంతోసేపు చూడలేదు. అంత అవసరమూ లేకపోయింది. కత్తెర వేళ్లలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“నువ్వే చూసి కొయ్యి,” అని లోపలికి వెళ్లిపోయాడు.